శిష్యుని వాకిటికి వెళ్ళిన గురుకులం

గురువున్న చోటికి శిష్యుడు వెళ్ళడం లోకాచారం. సమిధలు చేతబట్టుకొని ఆశ్రమం చేరిన బ్రహ్మచారి మొదలుకొని, పెట్టె సర్దుకొని పట్నానికి రైలెక్కిన కుఱ్ఱవాని వరకు, చదువు కోసం ఇల్లు విడిచినవారి కథలే మనకు ఎక్కువగా తెలుసు. మరి ఇల్లు విడవలేనివాని సంగతి ఏమిటి? వయసు మళ్ళినవాడు, సంసారభారం మోస్తున్నవాడు, ఒక్క వారం పని మానితే ఇంటిల్లిపాదీ పస్తుండవలసినవాడు, అయినా ఊరిలో పదిమంది ఎవరి మాట కోసం ఎదురుచూస్తారో అట్టివాడు ఉంటాడు గదా! అతనికి చదువు చెప్పేదెవరు?

ఈ ప్రశ్న మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశంలో, ప్రెస్బిటేరియన్ క్రైస్తవ సంఘాన్ని 1962 ప్రాంతంలో తీవ్రంగా కలవరపెట్టింది. ఆ సంఘంవారు కనుగొన్న సమాధానం తర్వాత స్పానిష్ భాషా దేశాలన్నిటికీ ప్రాకి, సముద్రాలు దాటి మన దేశానికి కూడా వచ్చింది. ఆ వృత్తాంతమే ఈనాటి నా ప్రసంగ విషయం.

గ్వాటెమాలా మెక్సికోకు దక్షిణాన ఉన్న కొండల దేశం. సుమారు మూడు శతాబ్దాలు స్పెయిను పాలనలో ఉండి, 1821లో స్వతంత్రమైంది. పాలకులు విడిచిపోయినా వారి భాష, వారి రోమన్ కాథలిక్ మతం అక్కడ స్థిరపడిపోయాయి. 1873లో హూస్తో రుఫీనో బారియోస్ అనే అధ్యక్షుడు మతస్వాతంత్ర్యాన్ని ప్రకటించాడు. కాథలిక్ మఠాధిపతుల పలుకుబడిని తగ్గించడం ఆయన రాజకీయ లక్ష్యాలలో ఒకటి. ఆయన కోరికపైననే 1882లో జాన్ క్లార్క్ హిల్ అనే అమెరికన్ ప్రెస్బిటేరియన్ బోధకుడు రాజధానికి వచ్చాడు. ఆ దేశంలో ప్రొటెస్టెంటు సంఘాల చరిత్ర ఈవిధంగా, మతాసక్తి కొంత, రాజనీతి కొంత కలసి ప్రారంభమైంది.

సంఘాలు క్రమక్రమంగా పెరిగాయి. కాని ప్రెస్బిటేరియన్ సంప్రదాయంలో ఒక నియమం ఉన్నది. సంఘపెద్దలు పరిపాలన సాగించవచ్చును, ప్రార్థనలు జరిపించవచ్చును. బాప్తిస్మమివ్వడానికి, ప్రభుభోజన సంస్కారం నడపడానికి మాత్రం అభిషిక్తుడైన పాస్టరు కావాలి. అభిషేకం పొందాలంటే శాస్త్రాధ్యయనం చేసి ఉండాలి. చదువులేని బోధ జనాన్ని పెడదారి పట్టిస్తుందన్న భయంతో పూర్వులు చేసిన నియమమిది. ఇందులో దోషమేమీ లేదు. అయితే ఆ చదువు దొరికే సెమినరీ రాజధానీ నగరంలో ఉండేది, సంఘాలలో అధికభాగం పల్లెలలో ఉండేవి. చిక్కు అక్కడ వచ్చింది.

1962లో సెమినరీవారు తమ ఇరవైఐదేండ్ల కృషిని లెక్క చూసుకొన్నారు. సంఘంలో సుమారు రెండువందల ఆరాధన సమాజాలు ఉన్నాయి. ఇన్నేండ్లలో సెమినరీ తయారుచేసినవారిలో ఆనాడు సంఘసేవలో నిలిచి ఉన్న పాస్టర్లు పదిమంది మాత్రమే! విద్యాలయంలో అప్పుడు చదువుతున్నవారు ఆరుగురు! చదువు చెప్పినవారి శ్రద్ధలో లోపం లేదు, చదివినవారి బుద్ధిలో లోపం లేదు. మరి ఫలితం ఎందుకిట్లు అయినది?

పల్లె నుంచి వచ్చిన యువకుడు నాలుగేండ్లు నగరంలో ఉంటే నగరవాసి అవుతాడు. తిరిగి మట్టిదారులకు, నూనెదీపాలకు పోవడానికి అతనికి మనసొప్పదు. మనసొప్పినా, పేద సంఘం అతనికి జీతమివ్వలేదు. అందుచేత అతడు మరొక ఉద్యోగం చూసుకొంటాడు. ఇటు పల్లెలో ప్రతి ఆదివారం ప్రార్థన నడిపేది, చావుకు పుట్టుకకు ముందు నిలిచేది, తగవులు తీర్చేది ఎవరయ్యా అంటే, నడివయస్కుడైన ఒక రైతో, దుకాణదారుడో, చేతిపనివాడో! ఆయన అప్పటికే కాపరి. కాని ఆ కాపరికి కఱ్ఱ చేతికివ్వడానికి నియమం అడ్డు వస్తున్నది. చదువుకొన్నవాడు ఊరికి రాడు, ఊరిలో ఉన్నవాడు చదువుకు పోలేడు.

ఈ ముడి విప్పడానికి పూనుకొన్నవారిలో ముఖ్యులు జేమ్స్ ఎమరీ, రాల్ఫ్ వింటర్ అనే ఇద్దరు అమెరికన్ మిషనరీలు. తరువాత రాస్ కిన్స్లర్ వారితో కలిశాడు. వీరిలో వింటర్ చరిత్ర విచిత్రమైనది. మొదట ఇంజనీరింగు చదివి, పిమ్మట భాషాశాస్త్రం, మానవశాస్త్రం అభ్యసించి, 1956లో మామ్ అనే మాయా జాతివారి మధ్య పనిచేయడానికి వచ్చాడు. యంత్రం నడవకపోతే యంత్రాన్ని నిందించక, ఎక్కడ పట్టుకొన్నదో చూడడం ఇంజనీరు స్వభావం. ఈ విషయంలోనూ ఆయన అదే చేశాడు.

1962లో సెమినరీని రాజధాని నుంచి తరలించి, పసిఫిక్ తీరప్రాంతంలో, రెతలులేవు జిల్లాలోని శాన్ ఫెలిపే అనే ఊరిలో పెట్టారు. సంఘాలకు దగ్గరయితే విద్యార్థులు వస్తారని ఆశ. కాని కొద్ది మైళ్ళ దూరంలో ఉన్నవారు కూడా రాలేకపోయారు. దూరం మైళ్ళలో లేదు, తీరికలో ఉన్నది. చేను, దుకాణం, బిడ్డలు ఎవరిని కట్టివేశాయో వారికి పది మైళ్ళూ ఒకటే, వంద మైళ్ళూ ఒకటే. అప్పుడు, 1963లో, ఆ ఉపాధ్యాయులు చివరి మాట పలికారు: వారు రాలేకపోతే మనమే పోదాము.

ఆనాటి నుంచి ఉపాధ్యాయుడు వారానికొకసారి బయలుదేరి ఒక్కొక్క కేంద్రానికి వెళ్ళేవాడు. చుట్టుప్రక్కల సంఘపెద్దలు అక్కడ కలుసుకొనేవారు. వారమంతా పని ముగిసిన తరువాత, దీపం ముందు కూర్చొని చదివిన పాఠం గురించి అక్కడ చర్చ జరిగేది. పాఠం పుస్తకంలోనే ఉన్నది గనుక ఉపాధ్యాయుడు ఉపన్యసించనక్కరలేదు. సందేహాలు విని, తిరిగి ప్రశ్నించి, నేర్చినదాన్ని ఊరిలో ఎట్లా ఆచరించారో తెలుసుకొంటే చాలును.

ఇది వినడానికి సులభంగా ఉన్నది, చేయడానికి కాదు. కళాశాలలో వాడే గ్రంథాలను ఒంటరిగా చదువుకొనేవాని చేతికిస్తే అతడు మూడవ పుటలోనే ఆగిపోతాడు. కాబట్టి విషయాన్ని చిన్న చిన్న మెట్లుగా విడదీసి, ప్రతి మెట్టు వద్ద ఒక ప్రశ్న వేసి, జవాబు సరిచూసుకొని ముందుకు పోయేటట్లు కొత్త పాఠ్యగ్రంథాలు వ్రాయవలసి వచ్చింది. విద్యార్థులందరి తరగతీ ఒకటి కాదు. ప్రాథమిక విద్యతో ఆగినవారు, ఉన్నత విద్య ముగించినవారు ఒకే సంఘంలో ఉండేవారు. వారి వారి స్థాయికి తగినట్లు పాఠాలను వేర్వేరు శ్రేణులలో నిర్మించారు.

టెడ్ వార్డ్ అనే అమెరికన్ విద్యావేత్త ఈ పద్ధతిని దడితో పోల్చాడు. దడికి అడ్డంగా రెండు వాసాలుంటాయి. ఒకటి పుస్తకంలోని చదువు, రెండవది సంఘంలో నిత్యం చేసే పని. నిలువుగా పాతిన గుంజలు వారం వారం జరిగే గోష్ఠులు. గుంజలు లేకపోతే రెండు వాసాలూ నేల మీదనే పడి ఉంటాయి. చదువును, పనిని కలిపి నిలబెట్టేది మనుషులు ఎదురెదురుగా కూర్చొనే ఆ కొద్ది గంటలే అన్నమాట.

ఆరుగురున్న విద్యార్థుల సంఖ్య కొద్ది యేండ్లలోనే నూరు దాటింది. 1967లో కొలంబియా దేశంలోని ఆర్మేనియా నగరంలో జరిగిన సమావేశంలో ఇతర దేశాల బోధకులు ఈ పద్ధతిని పరిశీలించారు. పిమ్మట అది లాటిన్ అమెరికా అంతటా వ్యాపించి, ఆఫ్రికా, ఆసియా ఖండాలకు చేరింది. మన దేశంలో 1971లో బెంగుళూరు కేంద్రంగా ఇట్టి విద్య కోసమే ఒక సంస్థ ఏర్పడింది. మిషనరీలు తూర్పుకు తెచ్చిన ఆలోచనలలో ఎక్కువభాగం యూరపు నుంచో, ఉత్తర అమెరికా నుంచో వచ్చినవే. ఇది మాత్రం గ్వాటెమాలా పల్లెల అనుభవంలో పండి మనవద్దకు వచ్చిన ఆలోచన.

ఆక్షేపణలు లేకపోలేదు. ఒకే చోట కలసి జీవిస్తూ నేర్చుకొనే సహవాసం ఇందులో కొరవడుతుందని కొందరన్నారు. నిత్య ప్రయాణాలతో ఉపాధ్యాయులు అలసిపోయారు. మొదటి పాఠ్యగ్రంథాల రచనలో విదేశీయుల చేయి ఎక్కువగా ఉండడం మరొక లోపం. అన్నిటికన్న లోతైన చిక్కు భాషది. ఆ దేశంలో ఇరవైకి పైగా మాయా భాషలున్నాయి. కొండప్రాంతాలలో అనేకులకు స్పానిష్ మాతృభాష కాదు. 1917లో స్పానిష్ బైబిళ్ళు అమ్మడానికి వచ్చిన కామెరన్ టౌన్సెండ్, కక్చికెల్ జాతివారికి ఆ భాష అందడం లేదని గ్రహించి, వారి భాష నేర్చుకొని కొత్త నిబంధనను అనువదించవలసి వచ్చింది. గురువు వాకిటి దాకా వచ్చినా, గుమ్మం దాటడానికి భాష కావాలి.

అయినా ఒక్క విషయం మాత్రం నిశ్చయం. పరాయి దేశంలో ఒక సంఘాన్ని బలపరచడమంటే అక్కడ గొప్ప భవనం లేపడమని, డబ్బు పంపడమని చాలాకాలం భావించారు. ఇంకొకరి ఆధారం మీద నిలిచినది ఆ ఆధారం తొలగిననాడు కూలుతుంది. గ్వాటెమాలా ఉపాధ్యాయులు క్రొత్త నాయకులను సృష్టించలేదు. ఊరు అప్పటికే ఎన్నుకొన్న నాయకుని గుర్తించారు. బలం అక్కడే ఉన్నది, దానికి చదువు జోడించడమే వారు చేసిన పని. క్రైస్తవులకే గాక, పల్లెలకు మేలు చేయబూనిన ప్రతివారికీ ఇందులో నేర్చుకోదగినది ఉన్నదని నా నమ్మకం.

మైక్రోఫోను ముందు కూర్చొనే మాబోటివారు కూడా ఒకవిధంగా మీ వాకిటికే వస్తాము. కాని మేము చెప్పి వెళ్ళిపోతాము, మీ మాట మాకు వినిపించదు. శాన్ ఫెలిపే నుంచి బయలుదేరిన ఉపాధ్యాయుడు ఊరికి వెళ్ళి, కూర్చొని, ముందు విన్నాడు. ఆయన పని ఫలించడానికి కారణం ఆ వినడమేనని విన్నవించి సెలవు తీసుకొంటున్నాను.