ఖైదీ తాతల జాడ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేనుంటున్న ఆస్ట్రేలియాలో ఒకప్పుడు ‘మా ముత్తాత ఖైదీ’ అని చెప్పుకోవడానికి సిగ్గుపడేవారు. 1788 నుంచి 1868 వరకు బ్రిటన్, ఐర్లండ్‌ల నుంచి సుమారు 1,62,000 మంది ఖైదీలను ఓడల్లో అక్కడికి పంపారు. చాలామంది చేసింది దొంగతనమే. శిక్ష ఏడేళ్లు, పద్నాలుగేళ్లు, లేదా యావజ్జీవం. పిల్లలు ఆ సంగతి దాచారు. మనుమలకు తెలియనే లేదు.

రికార్డులు మాత్రం మిగిలాయి. వెతికేవారికి ముందు కావలసినవి మూడు: మనిషి పేరు, ఓడ పేరు, చేరిన సంవత్సరం. ఓడ జాబితాల్లో విచారణ జరిగిన చోటు, తేదీ, శిక్ష ఉంటాయి. లండన్ కేసయితే ఓల్డ్ బెయిలీ కోర్టు నివేదికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవవచ్చు. టాస్మానియా రిజిస్టర్లలో ఎత్తు, కళ్ల రంగు, పచ్చబొట్లు కూడా రాశారు. ఫొటో లేని తాత రూపం కళ్లకు కడుతుంది. ఒకే పేరుతో చాలామంది ఉంటారు కనుక, ఓడ, తేదీ కలిస్తేనే మనవాడు. ఈ రికార్డులను యునెస్కో 2007లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఇప్పుడు ఖైదీ వంశమని గర్వంగా చెప్పుకునేవారెందరో!

శిక్ష అమలుకోసం గుమాస్తాలు రాసిన రాతలే ఆ పేదల పేర్లను నిలిపాయి. మన బడి అడ్మిషన్ రిజిస్టర్లలోనూ మన పేర్లు, మన తండ్రుల పేర్లు ఉన్నాయి. అవి చెదలపాలు కాకముందే ఈ ఏడాది స్కాన్ చేయిద్దాం. ఖర్చులో నా వంతు నేనిస్తాను.