రక్తపుపోటు - రక్తంలోని కావలివారు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగ పూట జబ్బుల మాట ఎందుకని మీరనుకోవచ్చును. తరాలు గడిచి, వీధిలో మాట్లాడే భాష మారినా మన ఇళ్ళలో ఊరగాయ జాడీ మారలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

రక్తపుపోటు హెచ్చితే గుండె, మెదడు, మూత్రపిండాలు చెడతాయని అందరూ ఎరిగినదే. ఒత్తిడికి గొట్టం పాడైనట్లు నాళాలు పాడవుతాయని అనుకుంటాం. అది నిజమే కాని, అంతటితో కథ ముగియదు.

మన రక్తంలో కాంప్లిమెంట్ అనే కావలి దండు ఒకటి ఉన్నది. అందులో 30కి పైగా మాంసకృత్తులున్నవి. ఎక్కువ భాగం కాలేయంలోనే తయారవుతవి. 1890ల్లో దీని పని తీరును చూపిన బెల్జియం శాస్త్రజ్ఞుడు జూల్ బోర్డేకు 1919 సంవత్సరపు నోబెల్ బహుమానం లభించినది. సూక్ష్మజీవి చొరబడగానే ఈ మాంసకృత్తులు ఒకదానినొకటి మేల్కొలిపి, తెల్లకణాలను పిలిచి, శత్రువు పొరకు తూట్లు పొడుస్తవి. మన సొంత కణాల జోలికి పోకుండా ఫాక్టర్ హెచ్ వంటి పగ్గాలు వాటిని అదుపులో ఉంచుతవి.

పోటు వల్ల నాళాల లోపలి పొర గాయపడినప్పుడు ఆ పగ్గాలు చాలకపోవచ్చును. అప్పుడు కంచే చేను మేసినట్లవుతుంది. సన్నని నాళాలు వాచి, నెత్తురు గడ్డకట్టి, మూత్రపిండాలు దెబ్బతింటవి. అతి తీవ్రమైన పోటుతో మూత్రపిండాలు చెడిన కొందరిలో ఈ పగ్గాలకు పుట్టుకతోనే లోపమున్నట్లు జన్యు పరీక్షలలో తేలినది. అటువంటి లోపం వల్ల వచ్చే ఒక అరుదైన జబ్బుకు, ఈ దండును నిలువరించే ఎక్యులిజుమాబ్ అనే మందును 2011లో అమెరికాలో అనుమతించినారు. కాని కావలిని ఆపితే మెదడు పొరల జ్వరం వంటివి సోకే భయమున్నది. కనుక అది సాధారణ రక్తపుపోటుకు మందు కాదు.

ఇందులో మనం గ్రహించవలసినది ఒక్కటే. ఈ హాని లోలోపల, నొప్పి లేకుండా జరిగిపోతుంది. 30 నుండి 79 ఏండ్ల వారిలో 128 కోట్ల మందికి రక్తపుపోటు ఉన్నదనీ, అందులో సుమారు సగం మందికి ఆ సంగతే తెలియదనీ 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. "తలనొప్పి లేదు, కులాసాగా ఉన్నాను" అని మాత్ర మానేయడం ప్రమాదం. ఆ కులాసా మాత్ర ఇచ్చినదే కావచ్చును. వైద్యుని అడగనిదే మానవద్దు.

రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ఆ సంస్థ చెబుతున్నది. ఉగాది పచ్చడిలో ఉప్పు ఆరు రుచులలో ఒకటి మాత్రమే. మిగిలిన రోజులలో కూడా దానిని ఆ హద్దులోనే ఉంచుదాం. ఈ ఏడు ఇంటిల్లిపాది పెద్దలందరూ ఒకసారి పోటు చూపించుకోవలసినదిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.