బడిలో ఒక్కతే

పంతులమ్మ అనగానే మనకు చప్పున ఏం గుర్తొస్తుంది? చేతిలో సుద్దముక్క, చంకలో హాజరుపట్టీ, చుట్టూ పిల్లల గోల. అంతమంది మధ్య మసలే మనిషికి ఒంటరితనమేమిటి అనుకుంటాం కదూ! ఇప్పుడు నేను చెప్పబోయే సినిమా చూసినవాళ్ళు మాత్రం ఆ మాట అంత తేలిగ్గా అనలేరు.

దాని పేరు ‘మిస్ స్టీవెన్స్’. 2016లో అమెరికాలో వచ్చింది. పెద్ద స్టూడియోల అండ లేకుండా తీసిన చిన్న చిత్రం. తీసినామె జూలియా హార్ట్. సినిమాల్లోకి రాకముందు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన మనిషి. అందుకే కాబోలు, అందులో ఎక్కడా ఉపన్యాసాలు లేవు. కథంతా ఒక వారాంతంలో ముగిసిపోతుంది. స్టీవెన్స్ అనే టీచరు ముగ్గురు విద్యార్థుల్ని కారులో ఎక్కించుకుని, వేరే ఊళ్ళో జరిగే నాటక పోటీలకు తీసుకుపోతుంది, అంతే. ఆమె తల్లి రంగస్థల నటి. ఆ తల్లి పోయిన దుఃఖం ఈమె లోపలే పెట్టుకుని తిరుగుతూ ఉంటుంది. ముగ్గురిలో బిల్లీ అనే అబ్బాయి దాన్ని పసిగడతాడు. వాడి మనసూ అంత స్థిమితమైనది కాదు, మందులు వాడాల్సిన పిల్లవాడు. మీరెలా ఉన్నారని ఆమెను నిజంగా పట్టించుకునేది ఆ పిల్లవాడొక్కడే.

చిక్కు అక్కడే వచ్చింది. ఆమెకు కావలసినది తోడు. ఇస్తానంటున్నది తన దగ్గర చదువుకునే పసివాడు. తీసుకోకూడదు. కసిరికొట్టనూ కూడదు. ఆకలిగొన్న మనిషి ముందు విస్తరి వేసి ముట్టుకోవద్దన్నట్టు ఉంటుంది ఆమె పరిస్థితి. లిలీ రేబ్ అనే నటి ఆ ఇరకాటాన్ని కళ్ళతోనే చూపించింది. బిల్లీగా వేసిన టిమొతీ షాలమే తర్వాత చాలా పెద్ద నటుడయ్యాడు గాని, నాకు మాత్రం ఈ సినిమాలోనే నచ్చాడు.

అమెరికా పంతులమ్మ గొడవ మనకెందుకంటారా? అయితే మా రొద్దం వైపు రండి. హిందూపురం నుంచో పెనుకొండ నుంచో పొద్దున్నే బస్సెక్కి, రోడ్డు మీద దిగి, లోపలి పల్లెకు ఆటో దొరక్కపోతే నడిచిపోయే టీచరమ్మలు మాకు కొత్త కాదు. ఊళ్ళోనే అద్దెకుండే అమ్మాయికైతే మొదటివారమే ప్రశ్నలు: పెళ్ళయిందా, ఒక్కదానివే ఉంటావా, మీవాళ్ళెందుకు రాలేదు అని. మర్యాదకేం లోటుండదు. ఉగాదికి ఓళిగలు పంపుతారు, పొలంలోంచి చెనిక్కాయలు తెచ్చిస్తారు. కూర్చుని మాట్లాడేవాళ్ళు మాత్రం ఉండరు. చదువుకున్న మనిషితో మనమేం మాట్లాడతామని మనం, ఏం మాట్లాడితే ఏమని చెప్పుకుంటారోనని ఆమె.

ఇక పిల్లల సంగతి చూడండి. వానలు మొహం చాటేస్తే మా పల్లెల్లో తల్లిదండ్రులు పనులకని బెంగుళూరు పోతారు. పిల్లలు అవ్వల దగ్గర ఉంటారు. బడి వదిలినా ఇంటికి పోకుండా గడప దగ్గరే తచ్చాడే పిల్ల ఒకతి ప్రతి బడిలోనూ ఉంటుంది. ఆ పిల్లకు పోయి మాట్లాడటానికి అమ్మ లేదు, టీచరుకు ఇంకెవరూ లేరు. చిన్న తరగతులకు అక్షరాలు దిద్దించేది ఆ పిల్లే, టీచరమ్మకు జ్వరమొస్తే నీళ్ళు తెచ్చిచ్చేదీ ఆ పిల్లే. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కాని పదేళ్ళ పిల్ల పెద్దమనిషి దిగులు మోయడం ముచ్చట కాదని నా అభిప్రాయం. తప్పు ఆ టీచరుదని మాత్రం అనకండి. ఇంకో పెద్దమనిషి లేని చోట ఎవరైనా ఏం చేస్తారు?

ఆ ఇంకో మనిషిని ఇవ్వాలని పెద్దలు అనుకోకపోలేదు. 1958లో మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షురాలిగా స్త్రీల విద్యపై జాతీయ కమిటీ వేశారు. పల్లెల్లో పనిచేసే ఉపాధ్యాయినులకు ఉండటానికి ఇళ్ళు కట్టించాలని ఆ కమిటీ అప్పుడే చెప్పింది. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం వచ్చి, ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం ఇద్దరు టీచర్లు, వీలైతే అందులో ఒకరు స్త్రీ ఉండాలంది. 2009 విద్యాహక్కు చట్టమూ, పిల్లలు 60 మంది లోపున్నా సరే, ఇద్దరు కావాల్సిందేనంది. ఇంతమంది చెప్పాక ఏమైందో వినండి. 2024-25 లెక్కల్లో ఒకే ఒక్క టీచరున్న బడులు దేశం మొత్తం మీద లక్షా నాలుగు వేలకు పైగా తేలాయి. వాటిలో 12,912 మన ఆంధ్రప్రదేశ్‌వే. ఏ రాష్ట్రంలోనూ ఇన్ని లేవు!

అలాంటి బడిలో ఆమె ఒక గదిలో రెండు మూడు తరగతులకు పాఠం చెప్పాలి, మధ్యాహ్న భోజనం లెక్క చూడాలి, ఫోనులో హాజరు పంపాలి. మండలానికి పిలుపొస్తే బడికి తాళమే. వీటన్నిటికంటే, ఫలానా పిల్లవాడికి కూడిక ఎందుకు రావడం లేదో ఒకసారి పైకి అనుకుని చూడటానికి పక్కన మనిషి లేకపోవడం ఉంది చూశారూ, అది చాలా కష్టం. ఏ రిజిస్టరులోనూ దానికి గడి లేదు.

2025 మెగా డి.ఎస్.సి.కి 16,347 పోస్టులు ప్రకటించారు. అందులో నెగ్గి చేరిన కొత్త అమ్మాయి మీ ఊళ్ళోనూ బస్సు దిగి ఉంటే, ఒక ఆదివారం ఆమెను ఇంటికి పిలవండి. పెళ్ళి సంగతి తర్వాత అడగవచ్చు. ఆ మధ్య ఏ సినిమా చూసింది, గదిలో నీళ్ళు సరిగా వస్తున్నాయా, అవి అడగండి. మీ పిల్లల చదువు గురించి కాకుండా ఆమె గురించి ఒక గంట మాట్లాడనివ్వండి. పైవాళ్ళు చేయగలిగినదీ ఒకటుంది. చుట్టుపక్కల బడుల టీచర్లందరూ కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఉన్నాయి కదా, అందులో ఒక అరగంట ఏ కాగితమూ లేకుండా వాళ్ళలో వాళ్ళను మాట్లాడుకోనివ్వచ్చు. ఇప్పుడైతే నివేదికలు అప్పజెప్పేసరికే పొద్దు వాలుతుందట, టీ తాగడానికి కూడా తీరికుండదట.