వెనుక చక్రములోని ఫ్రీవీలు
(వార్షికోత్సవ సభలో తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలలో పెద్దలు విద్యను గూర్చియు, భాషను గూర్చియు ప్రసంగించుట ఆచారము. మేము నేడు సైకిలు వెనుక చక్రమును గూర్చి మాటలాడ దలచినాము. ఇది కొందరికి నవ్వు పుట్టింపవచ్చును. కాని మన పిల్లలు బడికి వచ్చు త్రోవను ఒక్కసారి తలచుకొనినచో ఆ నవ్వు నిలువదు.

కొరాపుట్, రాయగడ ప్రాంతములలో తెలుగు చెప్పు బడి ప్రతి వీధి చివరను లేదు. 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు, అంతవరకు విశాఖపట్టణము జిల్లాతో నున్న జయపురము సంస్థాన ప్రాంతము కొరాపుట్ జిల్లాయై ఆ రాష్ట్రమున చేరినది. 1992 అక్టోబరు 2వ తేదీన రాయగడ వేరు జిల్లా అయినది. గీతలు మారినవి గాని ఇండ్లలో మాటలాడు భాష మారలేదు. అల్పసంఖ్యాక భాషల వారి పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నొసగుటకు తగు ఏర్పాటులు చేయవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. అధికరణము చెప్పినంతనే బడి ఇంటి ముంగిటికి నడిచి రాదు గదా! దగ్గరనున్న బడిని దాటి మన బడికి వచ్చు పిల్లవాడు ఆ అదనపు దూరమును సైకిలు మీదనే దాటుచున్నాడు. సైకిలు మూలపడినచో నాలుగు దినములు బడి మానును. నాలుగు దినములు నాలుగు వారములైనచో, “దగ్గరి బడిలోనే చేర్పింతము” అను మాట ఇంటిలో పుట్టును. ఆ మాట పుట్టుటకు ఒక చిన్న ఇనుప ముక్క కారణము కావచ్చునని చెప్పుటకే మే మీ విషయము నెత్తుకొంటిమి.

ఇంకొక కారణము కూడ కలదు. అది ప్రాణమునకు సంబంధించినది. రాయగడ సముద్ర మట్టమునకు సుమారు 200 మీటర్ల ఎత్తున నున్నది. కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున నున్నది. ఇచ్చటి రోడ్లు ఎక్కుటయో దిగుటయో తప్ప ఎక్కువ దూరము సమముగా పోవు. ఎత్తు ఎక్కునప్పుడు పిల్లలు సీటుపై కూర్చుండరు. పెడలు మీద నిలుచుండి దేహభారమంతయు మోపి త్రొక్కుదురు. సరిగా అప్పుడు వెనుక చక్రములోని ఫ్రీవీలు పట్టు తప్పినదా, పెడలు శూన్యములోనికి జారిపోవును. కాలు జారును, రొమ్ము హేండిలుకు తగులును, సైకిలు ప్రక్కకు ఒరుగును. ఆ ప్రక్క లోయ ఉండవచ్చును, వెనుకనుండి లారీ రావచ్చును. సమతలమున కేవలము చికాకైనది ఘాటు రోడ్డులో ప్రమాదమగుచున్నది.

ఇంతకు ఫ్రీవీలు అన నేమి? వెనుక చక్రమునకు కుడివైపున చెయిను చుట్టుకొను పండ్ల చక్రము నందరు నెరుగుదురు. మన పెద్ద సైకిళ్లకు తరచుగా 18 పండ్లుండును. అది పైకి ఒక్క బిళ్లవలె కనబడును గాని లోపల రెండు భాగములు. లోని భాగము మరతో హబ్బుకు బిగిసి యుండును. వెలుపలి భాగము దాని చుట్టు సన్నని ఉక్కు గుండ్ల మీద తిరుగును. లోని భాగమునకు నాలుకల వంటి రెండు చిన్న ఉక్కు ముక్కలు, వాటిని పైకి నెట్టుచుండు సన్నని తీగ స్ప్రింగు ఉండును. వెలుపలి భాగము లోవైపున రంపపు పండ్ల వంటి గాట్లుండును. తలుపునకు బిగించు ఏటవాలు నాలుక గల తాళమును చూచియుందురు. తలుపు మూయునప్పుడు నాలుక లోనికి అణగి జారిపోవును. తెరువ లాగినచో అడ్డుపడి ఆపును. ఇదియు నంతే. ముందుకు త్రొక్కినప్పుడు నాలుక గాటిలో దిగి చక్రమును ఈడ్చుకొనిపోవును. త్రొక్కుట మానినప్పుడు నాలుక గాట్లపై “టిక్కు టిక్కు” మని జారుచుండును. హిందీ మాటలాడు మెకానికులు ఈ నాలుకను “కుత్తా” అందురు. కుక్కకు తిండి పెట్టక కాపలా కాయు మనుట న్యాయము కాదు. దాని తిండి రెండు చుక్కల నూనె మాత్రమే.

నేడు కొందరు పిల్లలు గేర్ల సైకిళ్లు తెచ్చుచున్నారు. వాటిలో వెల తక్కువవానికి సాధారణముగా మరతో బిగించు ఫ్రీవీలే ఉండును. పండ్ల చక్రములు మాత్రము ఒకటికి బదులు ఐదో, ఆరో, ఏడో. వెల హెచ్చువానికి నాలుకలున్న భాగము హబ్బునకే అంగముగా నుండును. దానిని ఫ్రీహబ్ అందురు. రోగ లక్షణములు రెంటికి నొకటే. చికిత్స చేయు పనిముట్లు మాత్రము వేరు.

ఇక రోగమును గుర్తించుట. పెడలు జారినదనగానే ఫ్రీవీలు చెడినదని నిశ్చయింపరాదు. జారుటకు కారణములు నాలుగు కలవు. తప్పు కారణము పట్టుకొని డబ్బు ఖర్చు పెట్టినవారిని మే మనేకులను చూచితిమి. సైకిలును స్టాండు వేసి, వెనుక చక్రపు రిమ్మును ఒక చేత గట్టిగా పట్టుకొని, మరియొక చేత పెడలును ముందుకు త్రొక్కినట్లు బలముగా నొక్కవలెను. పెడలు కదలక చక్రము మీ చేతిని ఈడ్చినచో మంచిది. పెడలు జారినచో ఏది కదలినదో చూడుడు. పెడలు కొయ్య కదలి ముందరి పండ్ల చక్రము కదలనిచో కాటరు పిన్ను వదులైనది. అది అతి స్వల్పమైన పని. రెండును కదలి, చెయిను వెనుక పండ్ల మీదనుండి ఎగిరి దుమికినచో, చెయినో పండ్లో అరిగినవి. చెయిను దుముకక, పండ్ల చక్రము తిరిగి, చక్రము మాత్రము నిలిచియున్నచో అపరాధి ఫ్రీవీలే. ఫ్రీవీలు లోని భాగము కూడ, అనగా హబ్బుకు బిగిసియుండవలసిన భాగము కూడ తిరుగుచున్నచో, హబ్బు మీది మర చెడినది. ఈ కడపటిది అరుదు గాని ఖరీదైనది; హబ్బే మార్చవలసి యుండును.

ఈ పరీక్షను ఒక్కసారి చేసి విడువరాదు. చక్రమును కొంచెము కొంచెము త్రిప్పుచు పది పన్నెండు స్థానములలో చేయవలెను. రెండు నాలుకలలో నొకటి అంటుకొనిపోయినను రెండవది కొంతకాలము పని నడపును. తొమ్మిదిసార్లు పట్టి పదవసారి జారు ఫ్రీవీలు, పదిసార్లును జారుదాని కంటె అపాయకరము. పూర్తిగా చెడినదానిపై పిల్లవాడు ఎక్కనే ఎక్కడు. అప్పుడప్పుడు జారుదానిని మాత్రము నమ్మి ఘాటు ఎక్కును.

చెవియు కొంత చెప్పును. చక్రము నెత్తి త్రిప్పి విడిచినప్పుడు టిక్కు శబ్దము ఒకే లయలో రావలెను. నడుమ నడుమ తప్పిపోవుచున్నచో నాలుక సరిగా లేచుట లేదు. అయితే కొత్తవానిలో చిక్కని గ్రీజు ఉన్నచో శబ్దము సన్నగిలును. కాన శబ్దము లేదన్నంత మాత్రమున చెడినదనరాదు, చేతి పరీక్షయే ప్రమాణము. ఖాళీగా తిరుగునప్పుడు పండ్ల చక్రము కొంచెము ఊగుట మంచి ఫ్రీవీలులో కూడ కద్దు. దానికి భయపడ నక్కరలేదు. గరగర శబ్దము వచ్చుచు, చేతితో ఊపినచో ప్రక్కకు బాగుగా వాలుచున్నచో మాత్రము లోని గుండ్లు అరిగినవి.

ఇందుకు విరుద్ధమైన రోగమొకటి కలదు. త్రొక్కుట మానినను పెడళ్లు తమంతట తాము తిరుగుచుండును. పైవైపు చెయిను వదులై వ్రేలాడును. ఇది లోన బిగిసిపోయిన ఫ్రీవీలు. పిల్లలు దీనిని వినోదముగా చెప్పుకొందురు. దిగుడులో ఆ వదులు చెయిను ఊడి చక్రమున చిక్కినచో చక్రము ఒక్కపెట్టున నిలిచిపోవును. ఆ సైకిలుపై దిగుడు దిగనీయరాదు.

రోగము వచ్చుటకు ముఖ్య కారణము మన ప్రాంతముననే ఉన్నది. వానకాలములో బురద నీటిలో సైకిలు మునుగును, నూనె కొట్టుకొనిపోవును, ఎఱ్ఱమట్టి సన్నని పిండివలె లోనికి చేరును. వానలు వెలిసిన పిదప ఆ మట్టి ఎండి గట్టిపడి నాలుకలను కదలనీయదు. దీని తరువాత చలికాలము వచ్చును. ఇచ్చట తల్లులకు ప్రత్యేకముగా ఒక మాట. సైకిలు కిర్రుమనగానే అందుబాటులో నున్న కొబ్బరినూనె పోయుట మన ఇండ్లలో అలవాటు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే పేరుకొనును. డిసెంబరు, జనవరి ఉదయములలో కొరాపుట్, సిమిలిగుడ, పొట్టంగి ప్రాంతములలో చలి ఎంత ఉండునో మీకు చెప్ప నక్కరలేదు. సీసాలో నూనె గడ్డకట్టినట్లే ఫ్రీవీలులోను గడ్డకట్టును. పడుకొన్న నాలుక లేవదు. పిల్లవాడు ఉదయము ఏడు గంటలకు బయలుదేరినప్పుడు పెడలు జారును. మధ్యాహ్నము ఎండలో మెకానికునకు చూపినచో చక్కగా పట్టును. “ఏమియు లేదు, బడి తప్పించుకొనుటకు చెప్పుచున్నాడు” అని పిల్లవానినే కోపపడుదురు. వాడు చెప్పినది నిజము. ఆవనూనె, వేరుసెనగనూనె పేరుకొనకపోవచ్చును గాని కాలక్రమమున గాలి తగిలి జిగురగును. మోటారు బండి నుండి తీసిన పాత నూనెలో ఇనుప రజను ఉండును. చిక్కని గ్రీజు కూడ చలిలో ఇట్టి చెఱుపే చేయును. కుట్టుమిషనుకు వేయు పలుచని నూనె చాలును. అది చిన్న సీసా ఏడాది వచ్చును.

చికిత్స ఇంటనే చేయవచ్చును. సైకిలును ఎడమవైపునకు పరుండబెట్టి, ఫ్రీవీలు రెండు భాగముల నడుమ కనబడు సన్నని సందులో కిరసనాయిలు చుక్కలుగా పోయుచు, పెడలును వెనుకకు త్రిప్పుచుండవలెను. కిరసనాయిలు దొరకనిచో డీజిలు వాడవచ్చును. పెట్రోలు మాత్రము వలదు. పొయ్యికి, దీపమునకు దూరముగా, పెద్దల సమక్షమున చేయవలెను. టైరు మీదను, బ్రేకు రబ్బరుల మీదను పడకుండ గుడ్డ కప్పవలెను. మొదట నల్లని మురికి కారును. తేటగా కారువరకు పోసి, నిలువబెట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి, ఆ పిదప పలుచని నూనె ఐదారు చుక్కలు వేసి త్రిప్పవలెను. మరల చేతి పరీక్ష చేయవలెను. అంటుకొనిపోయిన నాలుకలలో పెక్కు ఇంతటితోనే లేచును.

ఇట్లు రెండుసార్లు కడిగినను జారుచున్నచో స్ప్రింగు విరిగినదో, నాలుక కొన అరిగినదో, గాట్లు గుండ్రబడినవో కావలెను. విప్పి బాగుచేయ వచ్చునా యని అడుగుదురు. విప్పవచ్చును. పై మూతకు రెండు చిన్న రంధ్రములుండును. ఆ మూత మర ఎడమ మర, అనగా గడియారపు ముల్లు తిరుగు దిశగా త్రిప్పినచో ఊడును. తెలియనివారు రెండవ దిశకు సుత్తితో కొట్టి ఇంకను బిగింతురు. విప్పగానే ఆవగింజల వలె గుండ్లు నేలరాలును. అందులో నాలుగు పోయినచో బేరము ముగిసినట్లే. మా అభిప్రాయము స్పష్టముగా చెప్పుచున్నాము: విప్పి చూచుట నేర్చుకొనుటకు మంచిది, పిల్లవాడెక్కు సైకిలుకు మాత్రము కొత్తది వేయించుడు. సాధారణ సైకిళ్లకు ఈ మర కొలత ఒకటే గనుక ఏ కంపెనీదైనను అమరును. వెల కొత్త టైరు వెల కంటె సాధారణముగా తక్కువే.

త్రోవలో పూర్తిగా చెడినప్పుడు పండ్ల చక్రమును తీగతో స్పోకులకు కట్టి నడుపు యుక్తి యొకటి కొందరు చెప్పుదురు. సమతలమున ఇల్లు చేరుటకది పనికి రావచ్చునేమో గాని మన దిగుళ్లలో పెడళ్లు ఆగక తిరిగి కాళ్లను విసరివేయును, స్పోకులును విరుగును. దిగి నడిపించుకొని రమ్మని పిల్లలకు గట్టిగా చెప్పుడు. ఆలస్యమునకు బడిలో దండన ఉండరాదని ఉపాధ్యాయులకు కూడ మా విన్నపము. దండనకు వెరచియే పిల్లలు జారు సైకిలును దాచుదురు.

మెకానికు వద్ద రెండు విషయములు అడిగి చేయించుకొనవలెను. ఫ్రీవీలు ఊడదీయుటకు దాని గాడులకు సరిపోవు ప్రత్యేక పనిముట్టు కలదు. ఉలి సుత్తితో కొట్టి తీసినచో హబ్బు చెడును. త్రొక్కిన కొలది బిగియు మర గనుక అది గట్టిగానే ఉండును, అందుచే మరకు కొంచెము గ్రీజు రాచి కొత్తది ఎక్కింపుమనవలెను. మర మీద గ్రీజు మంచిదే, నాలుకల మీద వలదు. రెండవది చెయిను. పన్నెండంగుళముల కొలబద్దను ఒక పిన్ను నడిమిభాగమున నుంచి పట్టినచో, కొత్త చెయినులో పన్నెండవ అంగుళముపై సరిగా మరియొక పిన్ను నడిమిభాగము వచ్చును. అంగుళములో ఎనిమిదవ వంతు దాటినచో చెయిను సాగినది. దానిని కొత్త పండ్ల మీద వేసినచో మరల దుముకును, నింద మాత్రము కొత్త ఫ్రీవీలుకు వచ్చును. ఒడియాలో చెప్పినను, తెలుగులో చెప్పినను ఈ దుకాణములలో ఫ్రీవీలు ఫ్రీవీలే, చెయిను చెయినే. భాష రాదని పిల్లలు జంక నక్కరలేదు.

పిల్లలు తమ సైకిళ్లను ఆవరణలో వరుసగా నిలిపియున్నారు. కుట్టుమిషను నూనె సీసాయు, కొలబద్దయు మేము తెచ్చియున్నాము. ఫలహారములైన పిదప తల్లిదండ్రులు తమ బిడ్డ సైకిలు వద్దకు రండు. రిమ్ము మీరు పట్టుకొనుడు, పెడలు బిడ్డను నొక్కమనుడు, పది స్థానములలోను చూతము.