తండ్రి పేరు వ్రాయని గడి

(శతవార్షికోత్సవ సందర్భమున టెక్కలిలో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవమనగానే మన కుటుంబములలో చాలామంది వంశవృక్షము వ్రాయుటకు పూనుకొన్నారు. ఇది మంచి పని. అయితే నాలుగు తరములు పైకి వెళ్లగానే పలువురికి ఒక ఖాళీ గడి ఎదురగుచున్నది. బాప్తిస్మపు రిజిస్టరులో పూర్వికుని పేరున్నది, సుమారు వయస్సున్నది. తండ్రి పేరు మాత్రము లేదు. ఆ ఖాళీని మనమేమి చేయవలెను? నేటి మన అంశమిదే.

ఖాళీ చూడగానే కొందరు సిగ్గుపడుదురు. పెళ్లి మాటలలో అవతలివారు "మీ పెద్దలెవరు?" అని అడుగుదురేమోనని భయపడి, ఒక గొప్ప పేరు కల్పించి వ్రాయుదురు. అందుచేత ఆ గడి ఎందుకు ఖాళీగా ఉన్నదో ముందు తెలిసికొందము.

మనము పాడుకొను కీర్తనలు రచించిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) ఈ పర్లాకిమిడి ప్రాంతమువారే. ఆయన చదువుకొన్న కుటుంబమున పుట్టిరి గనుక ఆయన తల్లిదండ్రుల పేర్లు నేటికిని నిలిచియున్నవి. బీదల బిడ్డలకు ఆ భాగ్యము లేదు. 1866లో ఒరిస్సాలోను మన గంజాం జిల్లాలోను ఘోరమైన కరవు వచ్చెను. ఒరిస్సాలోనే దాదాపు పది లక్షలమంది మరణించిరని అంచనా. దిక్కులేని పిల్లలను మిషనువారి అనాథాశ్రమములలో చేర్చిరి. పేరు చెప్పలేని పసివారికి తండ్రి పేరు ఎవరు చెప్పగలరు?

అంతకు ముందే కొండలలో మెరియా అను నరబలి కొరకు కొనబడిన పిల్లలను ప్రభుత్వము విడిపించినది. 1837 నుండి 1854 వరకు 1,506 మందిని విడిపించినట్లు లెక్క కలదు. వారిలో చాలామంది మైదానపు గ్రామములనుండి ఎత్తుకొనిపోబడినవారు, అమ్మబడినవారు. వారిలో కొందరు బరంపురం, కటకం మిషను ఆశ్రమములలో పెరిగిరి. అయితే ఆ లెక్కలోనివారందరు బలికే ఉద్దేశింపబడిరని ఇప్పటి చరిత్రకారులు ఒప్పుకొనరు. కొందరు తమను పెంచుకొన్న ఇండ్లనుండియే తీసికొనిపోబడిరి. కనుక "విడిపించిరి" అను మాటను కూడ జాగ్రత్తగా చదువవలెను.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పెదము. మా వంశములో మొదట బాప్తిస్మము పొందినవారు మా ముత్తాత తండ్రి. రిజిస్టరులో సంవత్సరము 1881, వయస్సు సుమారు 20, తండ్రి పేరు గడి ఖాళీ. ఇంటిలో మూడు కథలున్నవి. ఆయన మెరియా బిడ్డ అని ఒక శాఖవారు, కరవులో దొరికిన అనాథ అని ఇంకొక శాఖవారు, ఒక దొర కుమారుడని మూడవ శాఖవారు చెప్పుదురు. ఈ విషయమై అన్నదమ్ముల బిడ్డలు మాటలు మానుకొన్న కాలము కూడ కలదు.

మేము మొదట సంవత్సరములు కలిపి చూచితిమి. 1881లో ఇరువది యేండ్లవాడు 1861 ప్రాంతమున పుట్టియుండవలెను. మెరియా పిల్లలను విడిపించుటకు ఏర్పడిన శాఖ 1861లోనే ముగిసినది. వయస్సు అయిదారేండ్లు తప్పుగా వ్రాసిరనుకొన్నను ఆ కథ నిలుచుట కష్టము. కరవు కథ సంవత్సరమునకు సరిపోవును, అప్పుడాయనకు అయిదేండ్లుండును. కాని అది ఆ తరములో వేలమందికి సరిపోవును గనుక సరిపోవుట సాక్ష్యము కాదు. దొర కథకు ఒక్క కాగితమైనను లేదు.

నేడు జన్యు పరీక్ష ఉన్నదిగదా అని యౌవనస్థులు అడుగుచున్నారు. ఉన్నది. దొర కథ నిజమైతే మా తరమువారిలో సగటున ముప్పది రెండింట ఒక వంతు ఆ అంశ కనబడవచ్చును. నేరుగా కుమారుల వరుసలో వచ్చినవారిలో తండ్రి జాడ ఇంకను స్పష్టము. కాని ఆ పరీక్ష బంధుత్వము చెప్పునేగాని పేరు చెప్పదు, ఊరు చెప్పదు. ఒకరి ఫలితము ఇంటిల్లిపాది రహస్యము గనుక పెద్దలు ఒప్పుకొననిదే చేయించరాదని మేము ఆగియున్నాము.

వెదకువారికి మూడు మాటలు. మొదటిది, టెక్కలి 1936 వరకు గంజాం జిల్లాలోనిది, తరువాత విశాఖపట్నం జిల్లాలోనిది. శ్రీకాకుళం జిల్లా ఏర్పడినది 1950లో. కనుక పాత కాగితములు గంజాం పేరుతో చెన్నపట్నపు ఆర్కైవ్సులోను, బాప్తిస్మపు నకళ్లు కొన్ని లండను బ్రిటిషు లైబ్రరీలోను వెదకవలెను. రెండవది, ఒకే మనిషి పేరు తెలుగున ఒక తీరుగను, ఒరియాలో ఒక తీరుగను, ఇంగ్లీషులో మరొక తీరుగను ఉండును. మూడవది, సముద్రము మీద పోయినవారిని మరువకుడి. 1860 నుండి 1911 వరకు నెటాలుకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన 1,52,184 మంది పట్టీలలో తండ్రి పేరు, గ్రామము, జిల్లా వ్రాయు గడులున్నవి. ఇక్కడ ఖాళీగా ఉన్న అన్నగారి గడి, అక్కడ తమ్ముని పట్టీలో నిండవచ్చును. రంగము పోయినవారు ఎక్కువగా మేస్త్రీల వెంట పోయిరి గనుక వారికి అట్టి పట్టీలు లేవు.

సంఘస్థులారా, మత్తయి సువార్తలోని వంశావళి తామారును, రాహాబును దాచలేదు. హెబ్రీ పత్రికలో మెల్కీసెదెకుకు వంశావళియే లేదు. అందుచేత అతని ఘనత తగ్గలేదు. మన పూర్వికుని ఘనత ఆయన ఎవరికి పుట్టెనన్న దానిలో లేదు. తండ్రి చేయి పట్టుకొని నడువని బిడ్డ పెరిగి, తన బిడ్డలకు తండ్రియై నిలిచెను. మన యిండ్లు అక్కడ మొదలైనవి.

అందుచేత మా వంశవృక్షములో ఆ గడిని ఖాళీగానే ఉంచి, క్రింద మూడు కథలను ఎవరు చెప్పిరో వారి పేర్లతో వ్రాసితిమి. మీరును అటులే చేయుడి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానపు కొబ్బరితోటలను ఒక్క రాత్రిలో పడగొట్టినది; తడిసిన కాగితమును తోటవలె మరల నాటలేము. రిజిస్టరులోని ప్రతి పుటకు ఫోటో తీయించుడి. ఎనుబది దాటిన అవ్వలను, తాతలను ఈ వారములోనే అడిగి వ్రాసికొనుడి. తెలిసినది తెలిసినట్లు, విన్నది విన్నట్లు వ్రాయుడి. తెలియనిచోట కలము ఆపుడి.