ఆటకు వేలము – ఇంటికి చందా



కర్నూలు–కడప కాలువ క్రింది గ్రామము నుండి ఒక పెద్దాయన మాకు జాబు వ్రాసిరి. జాబు చిన్నది, ప్రశ్న పెద్దది. "మా యింట కేబులున్నది. నెలనెల తప్పక డబ్బు కట్టుచున్నాము. మొన్న భారతదేశపు జట్టు క్రికెట్ ఆడిన దినమున మా టెలివిజనులో ఆట రాలేదు. దూరదర్శన్ వారి క్రీడా చానలు పెట్టిచూచితిమి. అందు మరేదో కార్యక్రమము వచ్చుచుండెను. ప్రక్కింటివారు నెలకు పైసయు కట్టరు. మిద్దెమీద చిన్న డిష్షొకటి పెట్టుకొన్నారు. వారింట అదే చానలులో ఆట వచ్చినది. కట్టిన వానికి లేనిది కట్టని వాని కెట్లు వచ్చెను?" అని వారి ప్రశ్న.

ఈ జాబు చదివినప్పుడు మాలో కొందరికి నవ్వు వచ్చినది. ఆలోచించిన కొలది ఇది నవ్వి విడువదగినది కాదని తోచినది. ఆట యెవరిది, ఆకాశ మెవరిది, ఇంటింట వసూలగు చందా యెక్కడికి పోవుచున్నది అను మూడు ప్రశ్నలు ఇందు ఇమిడియున్నవి. వానిని ఒక్కొక్కటిగా విప్పి చూతము.

ముందుగా ప్రసార హక్కు అనగా నేమి? పోటీని నిర్వహించు సంఘమునకు, ఆ ఆటను ఎవరు ప్రసారము చేయవచ్చునో నిర్ణయించు అధికారము కలదు. సంఘము ఆ అనుమతిని వేలము వేయును. ప్రసార సంస్థలు పాటకు వచ్చును. ఎక్కువ పాడినవారికి హక్కు దక్కును. పాడుకొన్న సంస్థ తన డబ్బును రెండు దారుల రాబట్టుకొనవలెను. ప్రకటన లొక దారి, చందాలు రెండవ దారి. చందా మన యింటినుండి కేబులు నడుపు వానికి, అతనినుండి పెద్ద పంపిణీ సంస్థకు, అచ్చటినుండి చానలునకు చేరును. దారిలో ఎవరి వాటా వారు తీసికొందురు.

మన మార్కెట్ యార్డులలో శనక్కాయల వేలము చూచిన వారికి ఇది క్రొత్తగా చెప్పనక్కరలేదు. పాట పెరిగినచో అమ్మినవానికి సంతోషము. కాని పెరిగిన ధర తిరిగి తిరిగి నూనె సీసా మీదికి వచ్చి నిలుచును. ఆట వేలమును అట్టిదే. పాటలో గెలిచినది ఏ సంస్థయైనను, తుదకు ఆ మొత్తమును చెల్లించునవి మన యిండ్లే.

మన సీమకు టెలివిజను మొదట వచ్చిన తీరు ఇట్టిది కాదు. 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు ఒక సంవత్సరముపాటు, అమెరికావారి ఏ.టి.ఎస్.–6 ఉపగ్రహము సాయమున 'సైట్' అను ప్రయోగము జరిగినది. ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములను ఎన్నుకొని, ఊరందరు కూడి చూచుటకు ఊరికొక టెలివిజను నిలిపిరి. ఆంధ్రప్రదేశమున అందుకు ఎన్నుకొన్న జిల్లాలలో కర్నూలు ఒకటి. ఉదయము బడిపిల్లలకు పాఠములు, సాయంకాలము సేద్యము, ఆరోగ్యము మొదలగు విషయములు చూపిరి. చూచువాడు చందా కట్టనక్కర లేకుండెను. ఉపగ్రహము ఆనాడును ఉన్నది, ఈనాడును ఉన్నది. మారినది దానికిని మనకును నడుమ నున్న లెక్క.

ఆ తరువాత చాలకాలము టెలివిజనుపై దూరదర్శన్ ఒక్కదానిదే అధికారము. 1993లో ఆ స్థితి కదలినది. ఆ సంవత్సరము హీరో కప్ అను క్రికెట్ పోటీని నిర్వహించిన బెంగాల్ క్రికెట్ సంఘము, ప్రసార హక్కును ట్రాన్స్ వరల్డ్ ఇంటర్నేషనల్ అను విదేశీ సంస్థకు ఇచ్చెను. దూరదర్శన్ అందుకు సమ్మతింపలేదు. వివాదము కలకత్తా హైకోర్టునకు, అచ్చటినుండి సుప్రీంకోర్టునకు పోయినది. 1995 ఫిబ్రవరి 9వ తేదీన తీర్పు వచ్చినది. వాయుతరంగములు ప్రజల ఆస్తి యనియు, వానిపై ప్రభుత్వమునకు గుత్తాధిపత్యము తగదనియు, ప్రజాహితము కోరు స్వతంత్ర సంస్థ వానిని నియంత్రింపవలెననియు ఆ తీర్పు సారాంశము. ఆ ధర్మాసనమున తెలుగువారగు న్యాయమూర్తి బి.పి. జీవన్ రెడ్డి గారు ప్రత్యేకముగా తమ అభిప్రాయమును వ్రాసిరి. ప్రసారములు ప్రైవేటు వారి చేతిలో పడినను ప్రజల హక్కునకు కీడు కలుగవచ్చునని వారు హెచ్చరించిరి. ఈ రెండవ మాటను మనము తరచుగా మరచుచుందుము.

తలుపు తెరచుకొన్నది, పోటీ వచ్చినది. ప్రైవేటు చానళ్లు హక్కులు కొనసాగెను. 2007 జనవరిలో వెస్టిండీస్ జట్టు మన దేశమున ఆడునప్పుడు హక్కు కొన్న సంస్థకును దూరదర్శన్‌కును తగవు వచ్చినది. ఢిల్లీ హైకోర్టు ఏడు నిమిషములు ఆలస్యముగా ప్రసారము చేసికొనుటకు దూరదర్శన్‌కు అనుమతి నిచ్చెను. ఆటలో ఏడు నిమిషములనగా ఒక యుగము. వికెట్టు పడిన సంగతి వీధిలో కేకలవలన ముందు తెలిసి, దృశ్యము తరువాత వచ్చును. ఆ యేడే పార్లమెంటు ఒక చట్టము చేసినది. జాతీయ ప్రాముఖ్యము కల క్రీడల ప్రసారమును, హక్కు ఎవరు కొన్నను, ప్రసార భారతితో పంచుకొని తీరవలెనని దాని శాసనము. వచ్చు ప్రకటనల ఆదాయములో టెలివిజను విషయమున హక్కుదారునకు నూటికి 75కు తక్కువ కాకుండను, రేడియో విషయమున సగము సగముగను పంపకము ఏర్పరచిరి.

ఇక మన పెద్దాయన ప్రశ్నకు వత్తము. ఇట్లు పంచుకొన్న ప్రసారమును దూరదర్శన్ తన స్వంత ప్రసారిణులలోను, తన ఫ్రీ డిష్ లోను మాత్రమే ఇయ్యవచ్చుననియు, కేబులు వారికి అందింపరాదనియు 2017 ఆగస్టు 22వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. హక్కు కొన్నవాని చందాకు గండి పడరాదని దాని భావము. కావుననే కేబులులో వచ్చు దూరదర్శన్ క్రీడా చానలు ఆ సమయమునకు మరొక కార్యక్రమమును చూపును. ప్రక్కింటి మిద్దెమీది డిష్షులో ఆటయే వచ్చును. అయ్యా, ఇందు మీ కేబులువాని తప్పు లేదు. ప్రక్కింటివారి దొంగతనమును లేదు. చట్టము తీసిన తూము ఒక వైపునకే పారుచున్నది.

ఈ హక్కుల పోటీకి పెద్ద ఒరవడి ఇంగ్లండు ఫుట్‌బాల్. 1992లో అచ్చట ప్రీమియర్ లీగ్ ఏర్పడినప్పుడు స్కై, బి.బి.సి. సంస్థలు ఐదేండ్లకు 30 కోట్ల 40 లక్షల పౌండ్ల ఒప్పందము చేసికొన్నవి. అంతవరకు ఊరక చూచుచున్న లీగు ఆటలను ప్రత్యక్షముగా చూడవలెనన్న జనులు స్కై చందాదారులు కావలసి వచ్చెను. తరువాత బి.టి. అను టెలిఫోను సంస్థ పోటీకి దిగినది. 2015 వేలములో మూడేండ్ల హక్కులు 500 కోట్ల పౌండ్లను మించినవి. పోటీ హెచ్చినది, ధర తగ్గలేదు. ఏలయన, ఒక్కొక్క ఆట ఒక్కరి కొట్టులోనే దొరకును. ఇద్దరు అంగడివారు ఒకే బియ్యమును అమ్మినచో కొనువానికి లాభము. వరి ఒకరు, పప్పు ఒకరు గుత్తకు తీసికొన్నచో కొనువాడు రెండంగళ్లకును తిరుగవలెను.

పాట అదుపు తప్పిన కథయు అచ్చటనే కలదు. క్రింది శ్రేణి జట్లగు ఫుట్‌బాల్ లీగ్ హక్కులకు ఐ.టి.వి. డిజిటల్ అను సంస్థ 31 కోట్ల 50 లక్షల పౌండ్లు ఇచ్చెదనని ఒప్పుకొన్నది. చందాదారులు తగినంత చేరలేదు. 2002లో ఆ సంస్థ కూలినది. వచ్చునని నమ్మి ఖర్చు చేసికొన్న చిన్న ఊళ్ల క్లబ్బులు అప్పులపాలైనవి.

మన దేశమున ఆ స్థానము క్రికెట్‌ది. ఐ.పి.ఎల్. పోటీల ఐదేండ్ల హక్కులు 2017 వేలములో 16,347 కోట్ల రూపాయలకు ఒక్క స్టార్ సంస్థకే దక్కెను. 2022 జూన్ వేలములో అవి దాదాపు మూడింతలై 48,390 కోట్లకు చేరెను. టెలివిజను హక్కు స్టార్ వారు 23,575 కోట్లకు తీసికొనిరి. మొబైలు మొదలగు డిజిటల్ ప్రసారపు హక్కును వయాకామ్–18 సంస్థ తీసికొన్నది. చందాదారులను గుంజుకొనుటకు 2023లో ఆ సంస్థ జియో సినిమాలో ఆటలను ఉచితముగా చూపెను. చెట్టుక్రింది కాపరి చేతిలో కూడ ఆట వెలిగినది. పోటీవలన ప్రేక్షకునకు మేలు కలిగిన ఘడియ అదియే. కాని అది నిలువలేదు. 2024 నవంబరులో ఆ రెండు ప్రత్యర్థి సంస్థల వ్యాపారములు ఒకటైనవి. 2025 ఫిబ్రవరిలో వారి రెండు డిజిటల్ వేదికలు జియో హాట్‌స్టార్ అను పేర కలిసిపోయి, సంపూర్ణముగా ఉచితమన్న మాట తొలగిపోయినది. ఒకప్పుడు ప్రభుత్వ గుత్త. నడుమ కొంతకాలము పోటీ. మరల గుత్తకు దగ్గరైన స్థితి. జీవన్ రెడ్డి గారి హెచ్చరిక ఇచ్చట జ్ఞప్తికి వచ్చుట సహజము.

వేలమున కొక వైపు వరద. రెండవ వైపు కరువు. మన ఫుట్‌బాల్‌ను చూడుడు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణము సాధించిన భారత జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాదు వారు. మన రాయలసీమలో అనంతపురమునందు గ్రామీణాభివృద్ధి ట్రస్టు క్రీడాప్రాంగణమున పల్లె పిల్లలు నేడును బంతి తన్నుచున్నారు. ఇట్టి ఆట యొక్క వ్యాపార హక్కులను జాతీయ సమాఖ్య 2010లో 15 ఏండ్లకు 700 కోట్లకు ఇచ్చెను. ఏడాదికి 47 కోట్లు దాటదు. 2022 వేలములో ఒక్క ఐ.పి.ఎల్. మ్యాచి విలువ సుమారు 118 కోట్లు. ఒక సాయంకాలపు క్రికెట్, రెండున్నర సంవత్సరముల భారత ఫుట్‌బాల్‌ను తూచినది. ఆ గడువు ముగియనుండగా 2025లో ఇండియన్ సూపర్ లీగ్ హక్కులకు మరల టెండరు పిలిచిరి. నవంబరు నాటికి ఒక్కరును పాటకు రాలేదు. 2022 మార్చిలో ఆ లీగు విజేతయైన హైదరాబాదు జట్టు 2025లో ఢిల్లీకి తరలి, పేరు సైతము మార్చుకొన్నది. జనము చూడనిదే వేలమునకు ఎవరును రారు. వేలము లేనిదే జనమునకు చూపువారు లేరు.

ఇంతకు జాబు వచ్చినది కాలువ క్రింది గ్రామము నుండి గదా! ఆ కాలువ కథయే మనకు తగిన పాఠము. సుంకేసుల వద్ద తుంగభద్ర నీటిని మలచి కడప దాక తెచ్చిన ఆ కాలువను 1860 తరువాతి దశకమున త్రవ్వించినది మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అను ప్రైవేటు సంస్థ. దాని పెట్టుబడికి నూటికి 5 వడ్డీ వచ్చునట్లు ప్రభుత్వము హామీ నిచ్చినది. రైతులు నీటిని ఎగబడి కొందురని కంపెనీ ఆశించెను. ఆశించినంతగా కొనలేదు. తుదకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనవలసి వచ్చెను. నీరు నదిది, కాలువ కంపెనీది, పొలము రైతుది. ఈ మూటిని కలుపు న్యాయమైన లెక్క కుదిరిననాడే కాలువ నిలిచినది. ఆట ప్రసారమునకును అట్టి లెక్కయే కుదురవలెను.

పోటీని మేము నిందించుట లేదు. గుత్తకంటె పోటీ మేలు. అయితే పోటీ జనసందోహమున్న చోటికే పోవును. చివరి ఆయకట్టునకు నీరిచ్చునది తూమును తెరచు శాసనమే. ఆ శాసనము డిష్షున్న యింటికి పారి, కేబులున్న యింటికి పారకుండుట సవరింపదగిన లోపమని మా తలంపు. ఒక్క క్రికెట్‌కే గాక, పాటకు ఎవరును రాని ఆటలకు కూడ ప్రజా ప్రసార సంస్థ చోటు చూపవలెను. అది మా బాధ్యతయును.

గృహస్థులకు ఒక్క మాట. 2019 ఫిబ్రవరి నుండి చానళ్లను విడివిడిగా ఎన్నుకొను ఏర్పాటు అమలులోనికి వచ్చినది. మూటలు మూటలుగా కాక, చూచు చానలునకు మాత్రమే డబ్బు కట్టవచ్చునేమో మీ కేబులు వానిని అడుగుడు. ఏడాది చందా కట్టుటకు ముందు, మీరు కోరు పోటీ ఆ యేడు ఏ సంస్థ చేతిలో నున్నదో విచారింపుడు.

మన కడప కేంద్రము 1963లో మొదలైననాటి నుండి ఈ రెండు జిల్లాల పొలములలో, మిద్దెలపై, బండ్ల వెంట పలుకుచున్నది. రేడియో వ్యాఖ్యానము వినుటకు నెల చందా లేదు. దృశ్యము మేము ఇయ్యలేము. కాని బంతి ఎచ్చట నున్నదో, ఎవరి కాలిక్రిందికి పోయినదో మాటలలో చెప్పగలము. పెద్దాయన గారూ, మీ కేబులు మరల మొరాయించిన దినమున ఆ పాత పెట్టెను విప్పుడు. ప్రక్కింటివారిని కూడ పిలువుడు.