కాశీమజిలీ కథలు: నడుమ నిలిచిన పాఠకులు



మధిర సుబ్బన్న దీక్షితులవారి కాశీమజిలీ కథలు 12 భాగములు. మణిసిద్ధుడను యతి కాశీయాత్రకు ఒక గోపబాలుని తోడు తీసికొనిపోవును. మజిలీకొక కథ చెప్పవలెనని బాలుని ఒడంబడిక. త్రోవలో కనబడిన వింతను గూర్చి వాడడుగును, యతి చెప్పును.

మొదటి భాగమును ఆత్రముతో ముగించినవారే నాలుగైదు భాగముల పిదప విసుగు చెందుట కలదు. కారణము గ్రంథనిర్మాణముననే యున్నది. కథలో కథ పుట్టును. అందలి రాజపుత్రుడు తన మిత్రుని కథ నెత్తుకొనును. ఇంతలో మొదటి కథానాయకుని పేరు మరపునకు వచ్చును. శాపములు, మారువేషములు, వియోగములు మరల మరల రాగా అద్భుతము సైతము అలవాటగును.

1947లో ఆరంభమైన చందమామయందు 1954లో దాసరి సుబ్రహ్మణ్యముగారి తోకచుక్క ధారావాహికగా మొదలయ్యెను. నెలకొక భాగము వచ్చుటచే, నడుమనున్న నిరీక్షణమే దానికి రుచి కల్పించెను.

మంచిర్యాల ప్రాంతపు సింగరేణి గనులలో రాత్రి షిఫ్టు చేసివచ్చు పాఠకునికి 12 భాగములు బరువగుట సహజము. అతడు సిగ్గుపడి గ్రంథాలయమునకే రాకుండుట నిజమైన నష్టము. అట్టివానికి నిర్వాహకులు పలుచని పుస్తకమొకటి చేతికీయవలెను. కాశీకి బోవు బాలుడే మజిలీకొక్క కథతో తృప్తిపడెను. పాఠకుడు అన్నియు ఒక్క ఊపున ముగింపనేల? వారమునకొక మజిలీ చదివి పిల్లలకు వినిపించినను చాలును. విడిచిన పుస్తకమునకై మరల వచ్చు పాఠకులవలననే గ్రంథాలయములు రజతోత్సవములు జరుపుకొనును.